గీత దగ్గర ఆగిపోయిన అత్తగారు

ఆ ఆదివారం నిద్ర లేస్తూనే తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇవాళ తన ఇంట్లో ఎవరూ తనను వేలెత్తి చూపడానికి వీల్లేదు. పదకొండింటికి అత్తగారి పరుగు పందెం వీడియో, అది అయ్యాక తోడల్లుడి ముఖం, ఆ తర్వాత భోజనాలు. వీటిలో ఆయన అన్నిటికన్నా ఎక్కువగా ఎదురుచూస్తున్నది తోడల్లుడి ముఖం కోసమే.

అత్తగారు ఉద్యోగం చేసిన రోజుల్లో స్కూల్లో డ్రిల్లు టీచరు. ఒకసారి ఆటల పోటీల్లో టీచర్లకు కూడా పరుగు పందెం పెడితే తనే ఫస్టు వచ్చానని ఆవిడ ఇన్నేళ్లుగా చెబుతూనే ఉంది. గెలిచిన కప్పు హెడ్మాస్టరు గదిలో బీరువాలోకి వెళ్లింది. హెడ్మాస్టరు రిటైరయ్యాడు. బీరువా ఏమైందో ఎవరికీ తెలియదు. పెద్దల్లుడు ప్లీడరు. నలుగురూ కలిసిన ప్రతిసారీ ఆయన సోఫాలో కాళ్లు చాపుకుని, "అత్తయ్యగారూ, మీరు ఫస్టు వచ్చారనడానికి సాక్ష్యం ఏదండీ?" అంటాడు. అందరూ నవ్వుతారు. ఆవిడా నవ్వుతుంది. తర్వాత గదిలోకి వెళ్లి, మడతపెట్టి ఉన్న బట్టలే విప్పి మళ్లీ మడతపెడుతుంది. దీన్ని చిన్నల్లుడైన ఇన్‌స్పెక్టరు ఒక్కడే గమనించాడు. గమనించినప్పటి నుంచీ ఆయనకు ఒళ్లు మండిపోతోంది.

అసలే ఆయనకు కోపం ముక్కు మీద ఉంటుంది. కొట్టు కొట్టుకూ తిరిగి తక్కెడలు పరీక్షించడం ఆయన ఉద్యోగం. అవతలివాడు తప్పు చేసే ఉంటాడన్న నమ్మకంతో పొద్దున్నే బయలుదేరడం, సాయంత్రానికి అది రుజువు చేసి ఇంటికి రావడం ఆయనకు అలవాటైపోయింది. ఇంటికొచ్చాక బ్యాగు దించేవాడు గానీ ఆ నమ్మకాన్ని మాత్రం దించేవాడు కాదు.

అత్తగారు నెలకిందట కూతురి దగ్గర ఉందామని వచ్చినప్పుడు, ఆవిడ పెట్టె అడుగున ఆ ఆటల పోటీల క్యాసెట్ దొరికింది. బూజు పట్టి ఉంది. ఇన్‌స్పెక్టరు దాన్ని ఒక స్టూడియోలో ఇచ్చి, కడిగించి, తుడిపించి, ఏకంగా హై డెఫినిషన్‌లోకి మార్పించాడు. నిన్న సాయంత్రం అది చేతికొచ్చింది. "అందరం ఒకేసారి చూద్దాం అల్లుడుగారూ, ముందుగా ఎవరూ చూడొద్దు" అని అత్తగారు ఒట్టు వేయించుకున్నంత పని చేసింది. ఆయన చూడకుండానే దాన్ని తన స్టోరేజి పెట్టెలో వేశాడు.

ఆ పెట్టె గురించి చెప్పాలి. రొట్టెల డబ్బా అంత నల్లటి పెట్టె. అందులో రెండు డిస్కులు. ఇంట్లో తీసిన ఫొటోలూ వీడియోలూ అన్నీ అందులో ఉంటాయి. అది వైరుతో రూటరుకు కలిసి ఉంటుంది, హాల్లో కూర్చుని టీవీలో ఏది కావాలంటే అది పెట్టుకుని చూడొచ్చు. దానికి ఆయన "మా ఇల్లు" అని పేరు కూడా పెట్టాడు. దాన్ని బిగించిన రోజు "ఇందులో ఉన్నవి అందరికీ కనిపించవచ్చా?" అని తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఇంట్లో అందరికీ కనిపించకపోతే కొనడం ఎందుకని చిరాకుపడి, ఆయన "అవును" నొక్కాడు.

పెట్టె ఉండేది పడగ్గది బీరువాలో, తువ్వాళ్ల అరలో. భార్యకు దానిమీద మొదటి నుంచీ గుర్రుగానే ఉంది. ఆవిడ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. రోజంతా యంత్రాల మధ్య ఉండి ఇంటికొస్తే ఇక్కడ ఇంకో యంత్రం.

"రాత్రంతా గురక పెడుతూనే ఉంటుంది. ఇంట్లో ఒక గురక చాలదా?" అందావిడ ఆ పొద్దున కూడా. "బావగారు వాళ్లు పదకొండుకల్లా వచ్చేస్తారు. ఒకసారి వేసి చూసుకోండి."

"చూసుకోడానికేముంది? పెట్టె ఉంది, టీవీ ఉంది, మధ్యలో వైఫై ఉంది."

"ఆ మధ్యలో ఉన్నదాంతోనే నా భయం. ఇవాళ అమ్మ పరుగు మొదట్నుంచి చివరిదాకా ఆడిందా, సరే. ఆగిందో, రేపు ఆ పెట్టె పాత సామాన్ల కొట్టుకి పోతుంది. నా తువ్వాళ్ల అర నాకు కావాలి."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. ఆ రోజంతటికీ ఆయన నవ్వింది అదొక్కసారే.

సరే, పందెం దాకా మాత్రం చూసి ఆపేద్దామని టీవీ పెట్టాడు. మైదానం కనిపించింది. సున్నంతో గీసిన గీతలు, జెండాలు, గొడుగు కింద హెడ్మాస్టరు. హెడ్మాస్టరు మీసంలో ఒక్కో వెంట్రుకా విడివిడిగా తెలుస్తోంది. టీచర్లు వచ్చి గీత వెనక వరసగా నిలబడ్డారు. అందరికన్నా ఈ చివర అత్తగారు, సన్నగా, తెల్లటి డ్రిల్లు బట్టల్లో, కాన్వాసు బూట్లతో. మెడలో తాడు, నోట్లో విజిల్. డ్రిల్లు టీచరు కదా. అందరూ ముందుకు వంగారు. అత్తగారూ వంగింది. అంతే, బొమ్మ బిగుసుకుపోయింది. ఆవిడ నడుము మీద తెల్లటి చక్రం ఒకటి తిరగడం మొదలుపెట్టింది.

ఆయన మొదట్నుంచి పెట్టాడు. జెండాలు, గొడుగు, మీసం, గీత, వంగడం, చక్రం. మళ్లీ పెట్టాడు. మళ్లీ వంగడం, మళ్లీ చక్రం.

కాఫీ తెచ్చిన అత్తగారు టీవీ వంక చూసి నివ్వెరపోయింది. "అయ్యో, నన్నలా వంచేసి వదిలేశారేం అల్లుడుగారూ?"

"నేను వంచలేదత్తయ్యా! ఈ ఇంటర్నెట్ కంపెనీవాళ్లు వంచారు. ఇప్పుడే తేలుస్తాను!"

ఫోను తీశాడు. కంపెనీ అమ్మాయి తియ్యగా, "రూటరు ఒకసారి ఆపి మళ్లీ వేయండి సార్" అంది.

"ఎందుకు వేయాలి? నేను తూనికలు కొలతల్లో పనిచేస్తానమ్మా. తక్కెడ తప్పు తూస్తే, కొట్టు ఒకసారి మూసి మళ్లీ తియ్యండని చెప్పి వచ్చేస్తానా?"

"మీ వీడియో ఎక్కడుంది సార్?"

"మా పడగ్గది బీరువాలో."

"టీవీ?"

"హాల్లో."

"బీరువాలోంచి హాల్లోకి రావడానికి మా ఇంటర్నెట్టుతో పనిలేదు సార్. అది మీ ఇంట్లో మీ సొంత దారి."

ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. అందుకే ఆయనకు మరీ మండింది. "మా ఇంట్లో దారి నువ్వు చెప్పాలా నాకు? కంప్లెయింటు రాసుకో. మనిషిని పంపించు. ఇవాళే పంపించు!" అని గట్టిగా ఫోను పెట్టేశాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరని నిశ్చయించుకుని, గబుక్కున వెళ్లి రూటరు ఆపి మళ్లీ వేశాడు.

వెంటనే పై వాటాలో ఎవరో నేలను గట్టిగా తన్నిన చప్పుడైంది. కింది వాటాలోంచి "అరెరే!" అన్న కేక వినబడింది. ఎదురు వాటా సంగీతం మాస్టారి తలుపు ధడాలున తెరుచుకుని మళ్లీ మూసుకుంది. పరుల తప్పులు పట్టడంలో అంత అనుభవం ఉన్న మనిషికి వీటిలో ఒక్కటీ అనుమానం కలిగించలేదంటే ఏమనుకోవాలి?

కరెంటు సరిగా రావడంలేదేమో చూద్దామని ఆయన మీటరు బోర్డు దగ్గరికి దిగాడు. మెట్ల దగ్గర కింది వాటా కండక్టరు ఎదురయ్యాడు. బస్సులో టికెట్లు కొట్టే మనిషి, మామూలుగా ఆదివారం ఇంట్లో ఉండడు.

"మళ్లీ ఎప్పుడొస్తుంది సార్?"

"కరెంటా? ఉందిగా!"

"కరెంటు సంగతి కాదు సార్..."

"నాకిప్పుడు తీరిక లేదయ్యా!" అని ఇన్‌స్పెక్టరు విసురుగా పైకి వస్తూంటే, పై వాటా దర్జీ మెట్ల కటకటాల మీదుగా తల వంచి, "సార్, టీచరుగారు ఇంకా వంగే ఉన్నారా?" అని ఎంతో ఆదుర్దాగా అడిగాడు.

"మా అత్తగారి నడుముకేం కాలేదు! శుభ్రంగా ఉంది!" అని అరిచి ఇన్‌స్పెక్టరు తలుపేసుకున్నాడు. ఊళ్లోవాళ్లకి ఎవరి నడుము సంగతి వాళ్లకి అక్కర్లేదు గదా అని లోపల కాసేపు కారాలూ మిరియాలూ నూరాడు.

పదకొండుకు ముందే తోడల్లుడు వచ్చాడు, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కాలో. వెనకే వదినగారు. ప్లీడరు టీవీకి ఎదురుగా ఉన్న సోఫా పూర్తిగా ఆక్రమించి, "ప్రవేశపెట్టు తమ్ముడూ, నీ సాక్ష్యం" అన్నాడు.

జెండాలు, గొడుగు, మీసం, గీత. అత్తగారు వంగింది. చక్రం వచ్చింది.

ప్లీడరు చాలాసేపు తదేకంగా చూశాడు. "ఇప్పటివరకు రుజువైంది ఒక్కటే. అత్తయ్యగారు వంగారు" అన్నాడు.

"వంగినదాన్ని లేవనా? పరుగెత్తనా?" అంది అత్తగారు. "మీకు నామీద నమ్మకం లేకపోతే పోయె. ఆ టీవీకి కూడా లేదా?"

ఆ మాటతో ఇన్‌స్పెక్టరుకు తెగింపు వచ్చింది. తప్పంతా గోడలదే. వైఫై ఆ గోడల్లోంచి రాలేకపోతోంది. గాలిని నమ్ముకుంటే లాభం లేదు, టీవీకి నేరుగా వైరే వెయ్యాలి. ఉన్న వైరు పొట్టిది. కాబట్టి పెట్టె, రూటరు రెండూ హాలుకు దగ్గరగా రావాలి. బీరువాలోంచి పెట్టెను లాగాడు. దాంతో పాటు తువ్వాళ్లన్నీ నేలమీద పడ్డాయి. పెట్టెను చంకన పెట్టుకుని, రూటరును ఒక కుర్చీ మీద కూర్చోబెట్టి, వైరు పడగ్గది గుమ్మంలోంచి హాలుకు అడ్డంగా, మోకాలికి కాస్త కింద బిగదీసి కట్టాడు.

"తమ్ముడూ, చట్టప్రకారం చూస్తే..." అంటూ ప్లీడరు సలహా ఇవ్వడానికి లేచాడు. అప్పుడే వదినగారు కాఫీ ట్రేతో వస్తోంది. ఆయన కాలు వైరుకు తగిలింది, ఆయన ట్రేకు తగిలాడు. కాఫీ అంతా తెల్ల చొక్కా మీదికి వచ్చింది. పెట్టె కరెంటు వైరు కూడా ఊడి, అది గురక ఆపేసింది.

"ఇది ఉద్దేశపూర్వకంగా చేసిన పని!" ప్లీడరు గర్జించాడు.

"దారికి అడ్డంగా నడిచింది మీరు!" ఇన్‌స్పెక్టరు అంతకన్నా గట్టిగా అరిచాడు.

"దారికి అడ్డంగా నడవడమేమిటయ్యా? దారిలోనే నడుస్తారు ఎవరైనా!"

భార్య మధ్యలోకి వచ్చి బావగారికి ఇన్‌స్పెక్టరు పాత చొక్కా ఒకటి తెచ్చి ఇచ్చింది. అది ఆయనకు పొట్ట దగ్గర కలవలేదు. అడుగు బొత్తాలు వదిలేసి ఆయన దాన్నొక అవమానంలాగా తొడుక్కుని కూర్చున్నాడు. ఈలోగా మధ్యలో ఊడిన పెట్టె తన డిస్కులు తాను సరిచూసుకుంటున్నానని, ఓపిక పట్టమని టీవీలో చెప్పింది. ఓపిక పట్టే మనిషి ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. వంటింట్లో అన్నం చల్లారిపోతోంది. భార్య నేలమీద తువ్వాళ్లు ఏరి, ఖాళీ అయిన అరలో పెడుతోంది. అది చూసి ఇన్‌స్పెక్టరుకు పొద్దుటి షరతు గుర్తొచ్చింది.

చివరికి పెట్టె మేల్కొంది. వైరు మీదుగా వీడియో పెట్టాడు. జెండాలు, గొడుగు, మీసం, గీత. అత్తగారు వంగింది. చక్రం.

ఈసారి అత్తగారు లేచి తన గది వైపు వెళ్లబోయింది. ఇన్‌స్పెక్టరు "అత్తయ్యా, ఒక్క నిమిషం కూర్చోండి" అని బతిమాలి, పెట్టెనే నిలదీద్దామని ఫోనులో దాని పేజీ తెరిచాడు. ఎప్పుడూ తెరవని చోటల్లా నొక్కాడు. ఒకచోట "ఇప్పుడు చూస్తున్నవారు" అని కనిపించింది. దాని కింద ఒక టీవీ ఉంది. అది తమది. దాని కింద మరో టీవీ ఉంది. దాని కింద ఇంకోటి. ఇంకోటి.

"దొంగలు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు, మొదట చిన్నగా. తర్వాత ఇల్లు అదిరేలా, "దొంగలు! మన అత్తయ్యని దొంగతనంగా చూస్తున్నారు! అందుకే మనకి రావట్లేదు!"

ప్లీడరు ఫోను లాక్కుని చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "పరాయి ఆస్తి. అనుమతి లేని వినియోగం. తమ్ముడూ, పద!" పెళ్లిళ్లయిన నాటి నుంచీ ఆ తోడల్లుళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి. ఇద్దరూ మెట్లెక్కారు. వెనకాల అక్కాచెల్లెళ్లు, వాళ్ల వెనకాల అత్తగారు.

దర్జీ తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల కుట్టుమిషన్లు ఓ మూలకు తోసేసి, ఇంటిల్లిపాదీ చాప మీద వరసగా కూర్చున్నారు. ఎదురుగా టీవీలో అత్తగారు వంగి ఉంది. నడుము మీద చక్రం తిరుగుతోంది.

ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు. కానీ దర్జీ అంతకన్నా ముందే లేచి మీదికి వచ్చాడు.

"ఏం సార్ ఇది? మీకిదేమైనా న్యాయంగా ఉందా? పొద్దున్నుంచీ టీచరుగారు ఇలా వంగే ఉన్నారు! ఇంటిల్లిపాదీ పనులు మానుకుని కూర్చున్నాం. మధ్యలో మొత్తం ఆపేస్తిరి. మళ్లీ పెడితిరి. మళ్లీ అక్కడే ఆగె! పెట్టలేనప్పుడు చానల్ ఎందుకు సార్ పెట్టడం?"

"చానలా?"

"మరి? 'మా ఇల్లు' చానల్!"

గొంతులు విని మెట్ల మీదికి మిగతావాళ్లూ వచ్చారు. కండక్టరు ఆయాసపడుతూ, "నేనైతే సెలవు పెట్టుకున్నా సార్ దీనికోసం! టీచరుగారు నెల నుంచి మెట్ల మీద చెబుతున్నారు, ఆదివారం వేస్తారని. ఎక్కించుకున్నవాళ్లని ఇలా మధ్యలో దింపేస్తారా సార్ ఎవరైనా?" అన్నాడు.

సంగీతం మాస్టారు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. "నా ఫిర్యాదు వేరు. మీ పెళ్లి వీడియోలో మీరు అలిగి మేడ మీదికి వెళ్లిపోతారు చూడండి, అక్కడితో అయిపోయింది. దిగారా లేదా? వారం నుంచి నాకు నిద్ర లేదు."

"దిగాడు, నేనే వెళ్లి దింపాను" అన్నాడు ప్లీడరు.

"అవునా! హమ్మయ్య" అన్నాడు మాస్టారు.

"అదొక్కటే కాదు సార్," అని కండక్టరు అందుకుని, పొట్ట లోపలికి లాక్కుని, చేతులు కట్టుకుని, ఇన్‌స్పెక్టరు గొంతుతో, "'సార్, నాకు రెండ్రోజులు సెలవు కావాలి సార్. లేదు లేదు. అయ్యా, తమరు దయతలిస్తే...' భలే చేశారు సార్ అది. మా ఆవిడ మూడుసార్లు చూసింది" అన్నాడు.

అది ఇన్‌స్పెక్టరు తన ఆఫీసరు దగ్గరికి వెళ్లే ముందు అద్దం ఎదుట రిహార్సలు వేసుకుంటూ తీసుకున్న వీడియో. భార్యకు కూడా చూపించలేదు. ఆవిడ ఇప్పుడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

"మీకు మా వైఫై పాస్‌వర్డ్ ఎవరిచ్చారు?" అన్నాడాయన చివరికి, పీలగా.

"నేనే ఇచ్చాను" అంది అత్తగారు మెట్ల మీదినుంచి. "పాఠాలు చూసుకోవాలని పిల్లలు అడిగారు. మంచినీళ్లడిగితే లేవంటామా? ఒక ఇంటికిచ్చి ఇంకో ఇంటికి లేదంటామా?"

అదీ సంగతి. వైఫైలోకి రాగానే వాళ్ల టీవీలు వాటంతటవే వెతుక్కుని "మా ఇల్లు" కనిపెట్టాయి. అందరికీ కనిపించవచ్చని ఇన్‌స్పెక్టరు అవునన్నాడు గనక అది అందరికీ కనిపించింది. వాళ్లు దాన్ని కొత్త చానల్ అనుకున్నారు. అనుకోవడం కాదు, అలవాటు పడ్డారు. ఇవాళ అన్ని ఇళ్లూ ఒకేసారి పరుగు పందెం పెట్టాయి. చిన్న పెట్టె, పెద్ద వీడియో. అందరికీ ముందుగా తలా కాస్త పోసి, అది అయిపోగానే గీత దగ్గర చతికిలబడింది. ఎవరికి ఆగితే వాళ్లు మళ్లీ మొదట్నుంచి పెట్టుకోవడం, దాంతో మిగతావాళ్లకు ఆగిపోవడం. బిల్డింగు మొత్తం ఒకే గుమ్మంలోంచి ఒకేసారి దూరబోయి, ఇరుక్కుని, ఒకర్నొకరు తిట్టుకుంటోంది.

తీర్పు ప్లీడరే చెప్పాడు, బొత్తాలు కలవని చొక్కాలో. "అన్ని టీవీలూ కట్టెయ్యండి. ఒక్క టీవీ చాలు. అందరూ కిందికి రండి."

ఇన్‌స్పెక్టరు ఇంటి హాలు నిండిపోయింది. దర్జీ కుటుంబం నేలమీద, సంగీతం మాస్టారు తలుపు పక్కన, కండక్టరు వాళ్లు కిటికీ గట్టు మీద. ముందు వరసలో కుర్చీ వేసి అత్తగారిని కూర్చోబెట్టారు. వైరు దాటేటప్పుడు ప్లీడరు కాళ్లు ఎత్తెత్తి వేశాడు. ఇన్‌స్పెక్టరు భార్య టీవీ పక్కన నిలబడి, ఆసుపత్రి అలవాటు కొద్దీ, "ఎవరూ కదలొద్దు. ఊపిరి బిగబట్టండి" అంది. అందరూ బిగబట్టారు.

జెండాలు. గొడుగు. మీసం. గీత. అత్తగారు వంగింది.

చక్రం రాలేదు. అత్తగారు పరుగెత్తింది.

ఏం పరుగు! తెల్ల బూట్లు నేలకు ఆనుతున్నాయా లేదా అన్నట్టు పరుగెత్తింది. ఒకడుగు, రెండడుగులు, మూడడుగులు. అప్పుడు ఆవిడ నోట్లో విజిల్ "కుయ్" మని మోగింది. అది విని, గీత వెనక వంగి ఉన్న మిగతా టీచర్లు తల ఎత్తి, బయలుదేరారు. అప్పటికే అత్తగారు చాలా దూరం వెళ్లిపోయింది. చివర రిబ్బను ఎదతో తెంచుకుని, చేతులు పైకెత్తి, ఆగి వెనక్కి చూసి నవ్వింది. హై డెఫినిషన్ కదా, ఆ నవ్వు ఏ లోటూ లేకుండా స్పష్టంగా కనిపించింది.

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బిగబట్టిన ఊపిర్లు వదలడం కూడా మరిచిపోయారు.

ప్లీడరు నెమ్మదిగా లేచాడు. జీవితంలో ఇంత మంచి కేసు ఆయనకు దొరకలేదు. "అత్తయ్యగారూ," అన్నాడు ఎంతో మృదువుగా, "ఆ రోజు విజిల్ ఊదింది తమరేనా?"

"డ్రిల్లు టీచరుని నేనే అయితే ఇంకెవరు ఊదుతారు?"

"పరుగెత్తిందీ తమరే. పరుగు మొదలైన మూడడుగుల తర్వాత విజిల్ మోగింది."

అత్తగారు కదలకుండా టీవీ వంకే చూస్తూ అంది. "ఆ పెట్టెలో ఏదో లోపం ఉంది. బొమ్మ ముందొస్తోంది, శబ్దం వెనకొస్తోంది. పొద్దున్నుంచీ చూస్తున్నాంగా దాని తీరు."

అందరి తలలూ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాయి. ఏడాదిగా ఆ పెట్టెను ఒక్క మాట అననివ్వని మనిషి. చిటికెడు తేడా ఉన్నా కొట్టుకు తాళం వేయించే మనిషి. శబ్దానికీ బొమ్మకూ వెంట్రుకవాసి తేడా లేదని ఆయనకు తెలుసు. ఆయన నోరు తెరవబోతూ అత్తగారి చేతుల వంక చూశాడు. ఒళ్లో చేతిరుమాలు. ఆవిడ వేళ్లు దాన్ని మడతపెడుతున్నాయి, విప్పుతున్నాయి, మళ్లీ మడతపెడుతున్నాయి.

"అవును," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నేనూ పొద్దుటే గమనించాను. పెట్టెదే తప్పు. శబ్దం వెనకబడుతోంది."

"అలాగా!" ప్లీడరు కళ్లు చిన్నవయ్యాయి. "వెనకబడింది శబ్దమే అయితే, బొమ్మలో మిగతా టీచర్లు కూడా అత్తయ్యగారితో పాటే బయలుదేరాలి కదా? వాళ్లు విజిల్ మోగాకే ఎందుకు కదిలారు తమ్ముడూ?"

హాలంతా మళ్లీ ఊపిరి బిగబట్టింది. ఇన్‌స్పెక్టరు, అబద్ధపు తక్కెడల వెనక నిలబడి తనకు ఇన్నాళ్లూ సంజాయిషీలు చెప్పిన కొట్టువాళ్లందర్నీ తలుచుకుని, నిటారుగా నిలబడ్డాడు.

"హై డెఫినిషన్‌లో అంతే అన్నగారూ. దగ్గరున్న మనిషి ముందు లోడవుతుంది. అటు పక్కన ఉన్నవాళ్లు కాస్త ఆలస్యంగా లోడవుతారు."

ప్లీడరు నోరు తెరిచాడు. దీనికి ఏ చట్టంలో జవాబుందో ఆయన వెతుక్కునేలోగా దర్జీ, "నిజం సార్, మా టీవీలో కూడా అలాగే అవుతుంది" అన్నాడు గట్టిగా. కండక్టరు తానూ చాలాసార్లు చూశానన్నాడు. సంగీతం మాస్టారు శ్రుతికీ తాళానికీ కూడా అలాంటి ఎడం వస్తూంటుందని తనవంతు సాక్ష్యం ఇచ్చాడు. అప్పుడు మొదలయ్యాయి చప్పట్లు. ప్లీడరు చుట్టూ చూసి, ఇంతమంది సాక్షుల ముందు తన పప్పులు ఉడకవని తెలుసుకుని, తనూ కొట్టాడు. ఆయన చొక్కాకు మిగిలిన బొత్తాల్లో ఒకటి ఊడి ఎగిరిపోయింది.

అత్తగారు చేతిరుమాలు బొడ్లో దోపేసుకుంది. ఇన్‌స్పెక్టరు భార్య ఎవరికీ చెప్పకుండా పడగ్గదిలోకి వెళ్లి, ఇందాక అరలో సర్దిన తువ్వాళ్లన్నీ తీసి పై అరలో పెట్టేసింది.

అందరూ ఇంకా కబుర్లలో ఉండగానే తలుపు చప్పుడైంది. ఇంటర్నెట్ కంపెనీ నుంచి మనిషి, భుజాన సంచీతో. "కంప్లెయింటు ఇచ్చారట. ప్రాబ్లం ఏంటి సార్?"

ఇన్‌స్పెక్టరు ఏమీ లేదని చెప్పబోయేలోగా అత్తగారు కుర్చీలోంచే అంది. "విజిల్ మూడడుగులు ఆలస్యంగా వస్తోంది బాబూ. కాస్త చూడు."

ఆ మనిషి కుర్చీ మీదున్న రూటరు ఆపి, మళ్లీ వేసి, ఇక ఆలస్యంగా రాదన్నాడు.